మా అత్త మాట లేని వ్యాసం

వ్యాసం ఎలా రాయాలో టెక్కలిలోని మా స్టడీ సెంటరు సారు ఒకే ఒక్కసారి చెప్పారు. ఆయన చేతిలో టీ చల్లారకముందే పాఠం అయిపోయింది.

“పైన ఉపోద్ఘాతం, కింద ముగింపు, మధ్యలో విషయ వివరణ. సైడు హెడ్డింగుల కింద గీత కొట్టండి. స్కెచ్ పెన్ను అయితే మంచిది. పేజీలు నిండితే మార్కులు పడతాయి. అర్థమయ్యిందా?”

అందరూ అర్థమయ్యిందన్నారు. అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? గోడకు సున్నం కొట్టేవాడికి కూడా అంతకన్నా ఎక్కువ చెప్పాలి.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. మాది పూండి దగ్గర ఒక పేట. మా సంఘం స్త్రీల కూడికలో పాస్టరమ్మగారు పలక మీద దిద్దించారు. బైబిలు చదువుకుందామని మొదలుపెట్టి అక్కడ ఆగలేకపోయాను. ఓపెన్ స్కూల్లో పది అయింది, ఇంటరు అయింది, దూరవిద్యలో డిగ్రీ చివరి ఏడాదికి వచ్చాను. క్లాసులు ఆదివారం. ఆరాధన మానేసి టెక్కలి బస్సెక్కుతున్నానని సంఘంలో కొందరు నన్ను ముఖం చిట్లించి చూసేవారు. అన్ని పేపర్లూ గట్టెక్కాయి, ఒక్కటే మిగిలింది. సొంతంగా ఒక పెద్ద వ్యాసం రాసి, బయటి నుంచి వచ్చే పరీక్షకురాలి ఎదుట కూర్చుని దాని గురించి మాట్లాడాలి. అది తప్పితే డిగ్రీ లేదు.

డిగ్రీ వస్తే నాకు ఉద్యోగం రాదని నాకు తెలుసు. నాకు కావలసింది వేరు. పెళ్లయిన దగ్గర్నుంచి, ఎవరో రాసి తెచ్చిన కాగితాల కింద వేలు సిరాలో ముంచి ముద్ర వేస్తూ వచ్చాను. అందులో ఏముందో వాళ్లు చెప్పిందే నిజం. నా చేత్తో నేను రాసినదాన్ని, ఇది నీదేనని ఒక్క మనిషి ఒప్పుకుంటే చాలు అనుకున్నాను. వ్యాసం మీద నా ఆశ అంతే.

ఇచ్చిన అంశం ‘గ్రామీణాభివృద్ధిలో స్త్రీల పాత్ర’. నా పక్క బెంచీలో ఒక కుర్రాడు కూర్చునేవాడు. వరసేమీ లేకపోయినా పిన్నీ అని పిలిచేవాడు.

“పిన్నీ, ఏటలా బుర్ర గోక్కుంతన్నావు? బస్సు కాంప్లెక్సు కాడ జిరాక్సు షాపులో రెడీగా ఉంది. తెచ్చుకుని దించీడమే.”

“అందరూ అదే రాస్తే?”

“అందరూ అదే పాసు.”

తెచ్చి చూపించాడు. ఆదిమానవుడు నిప్పు కనిపెట్టిన నాటి నుండి స్త్రీ పురుషుడికి తోడుగా ఉన్నదని మొదలైంది. స్త్రీ భూమాత వంటిది, స్త్రీ దీపం వంటిది, స్త్రీ బండికి రెండో చక్రం వంటిది. ఏ ఆడది, ఏ ఊరిది, పొద్దున్న లేచి ఏం చేసింది? ఒక్క ముక్క లేదు. చివర్న స్త్రీలను గౌరవించిన నాడే దేశం అభివృద్ధి చెందుతుందని ఆశిద్దాం అని ఉంది. ఆశించడానికి వ్యాసం ఎందుకు? ఇంట్లో కూర్చుని కూడా ఆశించవచ్చు.

దాన్ని దించితే మళ్లీ వేలిముద్ర వేసినట్టే. ఈసారి సిరా బదులు స్కెచ్ పెన్ను.

సొంతంగా రాసుకుని వెళ్లాను. అప్పటికి నాకు తెలిసిన పెద్ద మాటల కూర్పు ఒక్కటే, సాక్ష్యం. మా కూడికల్లో ఆడవాళ్లం లేచి నిలబడి చెప్పేది. ముందు దేవునికి వందనాలు, కూడి వచ్చిన వారికి వందనాలు. తర్వాత మన పాత కష్టం, అది తీరిన విధం, ఇప్పటి నెమ్మది. చివర్న నా కొరకు ప్రార్థించండి. నా వ్యాసమూ అలాగే వచ్చింది. ఈ వ్యాసం రాయడానికి ఆయుష్షు ఇచ్చిన దేవునికి వందనాలని మొదలుపెట్టాను. ఒకప్పుడు నూతి నీళ్లు మోసేవాళ్లం, ఇప్పుడు కుళాయిలు వచ్చాయి, ఆడవాళ్లకు తీరిక వచ్చింది, మా బతుకులు బాగున్నాయి అని రాశాను. నా కుటుంబం కొరకు ప్రార్థించమని ముగించాను.

సారు దాన్ని క్లాసులో గట్టిగా చదివారు.

“ఏటమ్మా ఇది? వ్యాసమా, ఆదివారం ఆరాధనా? కానుకల సంచీ కూడా తిప్పుతావేటి?”

క్లాసంతా నవ్వింది. పక్క కుర్రాడు నా ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు, పూర్తిగా కాదు. నాకు సిగ్గు వేయాల్సిన చోట మంట పుట్టింది. ఆయన నా వందనాలను చూసి నవ్వారు గానీ, అందులోని అసలు తప్పు ఆయన కంటికి ఆనలేదు. ఆనితే, తను పాతికేళ్లుగా దిద్దుతున్న వ్యాసాలను చూసి కూడా నవ్వాలి. నా వందనాల చోట వాళ్లకు ఆదిమానవుడున్నాడు, ప్రార్థించండి అన్న చోట ఆశిద్దాం ఉంది. అంతే తేడా. రెండింటికీ అందరూ ఆమేన్ అనవలసిందే.

అసలు తప్పు మా అత్త పట్టుకుంది.

మా అత్తకు చదువు లేదు. చదువుకోకపోవడం గొప్పని నేననను, ఆమె అనదు. ఆమెకున్నదల్లా ఎదుటి మనిషి మాటను సాఫీగా పోనివ్వని నోరు. పెరట్లో పప్పు తొక్క తీస్తూ కూర్చున్నాం. పలాస ఫ్యాక్టరీ నుంచి జీడిపప్పు మా ఇళ్లకు వస్తుంది, తొక్క తీసి తిరిగి పంపుతాం. పని మధ్యలో చేతులు తుడుచుకుని, సారు నవ్విన కాగితం ఆమెకు చదివి వినిపించాను. ఆమె కూడా నవ్వుతుందేమో చూద్దామని. కుళాయిలు రావడం వల్ల స్త్రీలకు తీరిక లభించింది అన్న చోట ఆపింది.

“ఎవులికే తీరికొచ్చింది? నీకా, నాకా?”

“నూతికి వెళ్లే పని తప్పింది కదా అత్తా.”

“తప్పితే? ఇప్పుడు పడుకున్నావేటి? ఆ సేతిలోదేటి?”

నా చేతిలో జీడిపప్పు ఉంది. ఆ కాగితం మడిచి పొయ్యిలో పెట్టాను. వ్యాసం అప్పుడు మొదలైంది.

సారు చెప్పనిది, నేను తర్వాత తంటాలు పడి తెలుసుకున్నది ఇది. అంశం వేరు, ప్రశ్న వేరు. ‘స్త్రీల పాత్ర’ మీద ఎంతైనా రాయవచ్చు, ఏమీ చెప్పకుండా. ‘మా పేటలో కుళాయి వచ్చాక ఆడవాళ్లకు మిగిలిన పొద్దు ఎటు పోయింది?’ అని అడిగితే, తప్పించుకునే దారి లేదు. జవాబు చెప్పాలి, లేదా నోరు మూసుకోవాలి. ప్రశ్న చిన్నదయితే వ్యాసం చిన్నదవుతుందని నా పక్క కుర్రాడి భయం. ఉల్టా జరిగింది. చిన్న ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే పేజీలు చాల్లేదు.

పేటలో ఆడవాళ్లను అడిగాను. టెక్కలి గ్రంథాలయంలో నీటి పథకాల మీద ఉన్న పుస్తకాలు చదివాను. కుళాయి వల్ల స్త్రీల సమయం ఆదా అవుతుందని రాసి అక్కడ ఆగిపోయాయి అవి. ఆదా అయినదాన్ని ఎవరు తిన్నారో ఒక్కరూ రాయలేదు. ఆ ఖాళీ చూసి నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. నేను నిలబడవలసిన చోటు అదే. ఆ పొద్దంతా ఫ్యాక్టరీ మూటల్లోకి పోయిందని నా వాదం. కుళాయి మాకు తీరిక ఇవ్వలేదు, చేతులు ఖాళీ చేసింది. ఖాళీ చేతుల్లోకి పని వచ్చి పడింది.

పుస్తకం మాట ఏది, పేట మాట ఏది, నా మాట ఏది అని వేరువేరుగా రాసుకున్నాను. ఈ జాగ్రత్త కూడా కూడికల్లోనే నేర్చుకున్నాను, చేయకూడని విధం చూసి. మా సంఘంలో ఒకావిడ ఇంకో ఊరి స్త్రీ సాక్ష్యాన్ని తనదిగా చెప్పేది. నయమైన కాలు ఒక నెల కుడిది, ఇంకో నెల ఎడమది. అరువు తెచ్చుకున్నామని చెప్పేస్తే పరువు పోదు. దాచితేనే కాలు మారిపోతుంది.

ఏ పేరా తర్వాత ఏది రావాలో మాత్రం మా అత్తే తేల్చింది, తనకు తెలియకుండా. రాసినంత వరకు ఆమెకు చదివేదాన్ని. ఆమె ఎక్కడ “అయితే ఏటి?” అంటే అక్కడ తర్వాతి పేరా. “ఎవులు సెప్పినారు?” అంటే అక్కడ ఆధారం. ఆమె ఆవులిస్తే ఆ పేరా తీసేయడమే. ఉపోద్ఘాతం అన్నింటికన్నా చివర రాశాను, ఏం చెప్పబోతున్నానో అప్పటికి గానీ నాకు తెలియలేదు. ఆ ఉపోద్ఘాతం ఇలా మొదలవుతుంది: ‘నేను కాపురానికి వచ్చిన కొత్తలో నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని నూతి నుంచి వచ్చేదాన్ని.’

అంతా అయింది, ఇక సాపు రాసి ఇచ్చేయవచ్చు అనుకుని మొదటి నుంచి చివరి దాకా ఒకసారి వినిపించాను. మా అత్త మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయిపోయాక అంది:

“బాగానే ఉంది. అబద్దం.”

“ఏది అబద్ధం?”

“నూతి కాడ నీల్లొకటే తోడినావా? నీ మొగుడు కొట్టిననాడు ఎవులితో సెప్పుకున్నావు? అక్కడే కదా. ఆ పొద్దు ఎవులిదే? నీదే. ఫ్యాక్టరీ తినీసిందంతావు, ముందు కుళాయి తినీసింది. నట్టింటికి నీల్లొచ్చి గుమ్మం దాటనీకుండా సేసినాయి.”

ఆమెతో మాట్లాడటం మానేశాను. అన్నం పెట్టి పక్కకు వెళ్లిపోయేదాన్ని. నా వ్యాసం మొత్తం కుళాయి చేసిన మేలు మీద నిలబడి ఉంది. ఆమె దాని కాలు పట్టుకుని లాగింది. కొన్నాళ్లకు తెలిసింది, ఆ మాటను వదిలేసి వ్యాసం రాస్తే అది మళ్లీ సాక్ష్యమే అవుతుందని. అందుకని ఎదురు మాటకే ఒక భాగం ఇచ్చాను. ఇంట్లో పెద్దామె అభ్యంతరం అని చెప్పి, ఆమె మాట ఉన్నది ఉన్నట్టు రాశాను. తర్వాత నా జవాబు. నూతి దగ్గర మాకొక చోటు ఉండేది నిజమే. ఆ నీళ్లు తాగాలంటే ఇవాళ మా ఉద్దానంలో కిడ్నీల జబ్బు వస్తుందని ఎవరికైనా భయమే, ఇదీ నిజమే. పైగా నూతిని మెచ్చుకునేవాళ్లు బిందె మోయడం మానేసి చాలా కాలమయింది. ఆ వాక్యం ఆమెకు చదివి వినిపించాను.

“నన్నేనా?” అంది.

“నిన్నే.”

“రాసుకో. ఏటవుద్ది.”

ముగింపులో ఆశించలేదు. మిగిలిన పొద్దుకు మాకొక చోటు లేకపోతే అది పనికే పోతుందని, చోటు లేని తీరిక తీరిక కాదని రాసి ఆపేశాను. అత్త మాట లేకపోతే ఆ ముగింపు నాకు తట్టేది కాదు.

ఇచ్చే ముందు ఒక కాపీ నా దగ్గర ఉంటుందని కాంప్లెక్సు దగ్గర జిరాక్సు షాపులో తీయించాను. షాపతను నాకొకటి తీసి, తనకొకటి తీసుకున్నాడు. ఆ సంగతి మాటల పరీక్ష రోజున గానీ తెలియలేదు.

పరీక్షకురాలు నడివయసు మేడం, ఎదుట వ్యాసాల దొంతర. మా సారు పక్కన కుర్చీలో. మమ్మల్నందరినీ ఒకేసారి లోపలికి పిలిచారు. మేడం ఒక వ్యాసం తీసి చదివింది: “నేను కాపురానికి వచ్చిన కొత్తలో...” ఇంకొకటి తీసింది. “నేను కాపురానికి వచ్చిన కొత్తలో...” మూడోదీ అంతే. నా వాక్యం ఇంతమంది చేతుల్లో, మీసాలున్నవాళ్ల చేతుల్లో.

ఆవిడ నా పక్క కుర్రాణ్ణి లేపింది.

“ఏం బాబూ, కాపురానికి ఎప్పుడొచ్చావు?”

“నాకింకా పెళ్లవలేదు మేడం.”

“మరి ఏ బిందె మోశావు?”

“ఇత్తడిది మేడం.”

మా సారు నవ్వలేదు. నన్ను ఆరాధన చేస్తున్నావా అని అడిగిన మనిషి, క్లాసులోని మగపిల్లలంతా చంకన బిందెతో నిలబడితే చప్పుడు చేయలేదు. పైగా సర్ది చెప్పబోయారు. “అందరూ ఒక్కటే మెటీరియల్ చూస్తారు మేడం. ఇది ఏదో గైడులోదే.”

“గైడులోది కాదు సార్,” అన్నాను. “నాది.”

“అందరూ అలాగే అంటారమ్మా,” అన్నారాయన. నిజానికి ఎవరూ అనలేదు. అంతా కిటికీలోంచి హైవే మీద బస్సుల్ని చూస్తున్నారు.

మేడం నా వైపు తిరిగింది. ఆవిడ అడిగే ప్రశ్న కోసం ఎన్నో రోజులు తయారయ్యాను. వ్యాసం గొప్పదనం చెప్పమంటుందనుకున్నాను.

“మీదే అయితే, ఇందులో లోపం ఎక్కడుందో చెప్పండి.”

లోపం నాకు తెలుసు. రాసినవాళ్లకు తెలియకుండా ఎలా ఉంటుంది? “కుళాయి నీళ్లు అందే ఇళ్ల ఆడవాళ్లనే అడిగాను మేడం. వీధి చివర నీళ్లు ఎక్కని ఇళ్లున్నాయి. వాళ్లు ఇంకా మోస్తున్నారు, పప్పు తొక్కా తీస్తున్నారు. వాళ్లను అడిగితే నా వాదం కొంచెం వంగిపోతుంది. నీళ్లు రాకపోయినా వాళ్ల ఇళ్లకు పని మూటలు వచ్చాయి.”

“ఎందుకు అడగలేదు?”

“వాళ్లకూ మాకూ మాటల్లేవు.”

ఆవిడ నా వ్యాసం మీద ఏదో రాసుకుంది. “ఇది మీదే,” అంది. అంతే. మార్కుల సంగతి తర్వాత తెలిసింది, పాసయ్యాను. ఆ ఒక్క మాట కోసం పడిన పాట్లు పక్కన పెట్టి చూస్తే, అది చాలా చిన్న మాట. నాకది సరిపోయింది.

మిగతావాళ్లను మళ్లీ రాసుకుని రమ్మంది. ఈసారైనా సొంతంగా రాస్తారని నేను కొంచెం ఆశపడ్డాను, తెలివి తక్కువతనం. సర్టిఫికెట్టు కోసం వెళ్లినప్పుడు బల్ల మీద వాళ్ల కొత్త వ్యాసాలున్నాయి. తీసి చూశాను. ‘మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో...’ అందరి అమ్మలూ ఒకేసారి కాపురానికి వచ్చారు, అందరి చంకల్లోనూ బిందె. సైడు హెడ్డింగుల కింద ఎర్ర గీతలు. మధ్యలో పెద్దామె అభ్యంతరం ఉన్న భాగం లేదు. ఏ ఒక్కదాంట్లోనూ లేదు.

పక్క కుర్రాడు అక్కడే ఉన్నాడు. “ఆ పేజీ సారు తీసీమన్నారు పిన్నీ. మనకి మనమే ఎదురు సెప్పుకుంటే మార్కులు తగ్గుతాయట.”

“పాసయ్యారా?”

“అందరం. నీకన్నా ఎక్కువే వచ్చాయి.”

వాడిలో వేళాకోళం కూడా లేదు, నిజంగానే సంతోషపడుతున్నాడు. సర్టిఫికెట్టు మడత పడకుండా పట్టుకుని బస్సెక్కాను.

ఇంటికొచ్చి మా అత్తకు జరిగింది చెప్పాను. ఆమె సర్టిఫికెట్టు వైపు చూడలేదు. తొక్క తీస్తున్న చేతులు ఆపి అడిగింది:

“నా మాట తీసీసినారా?”

“తీసేశారు.”

“మరి ఆల్లకి ఎదురు ఎవులు సెప్పినారు?”

“ఎవరూ చెప్పలేదు.”

“అయితే ఇంకేటి రాసినారే,” అని, పప్పు చాట నా వైపు తోసింది.